తాగుడు మానాలనుకునేవాళ్ళకు: తిరుపతి, చిత్తూరుల్లో మీటింగ్‌ వెతుక్కోవడం, వెళ్ళడం, వెళ్తూనే ఉండడం ఎలా

తాగుడు మానాలన్న గట్టి నిర్ణయం చాలామందికి పొద్దునపూటే కలుగుతుంది. తలనొప్పి, చేతుల వణుకు, రాత్రి ఇంట్లో జరిగిన గొడవ, అన్నీ కలిసి ‘ఇంక చాలు’ అనిపిస్తాయి. సాయంత్రం ఆరయ్యేసరికి అదే నిర్ణయం పలచబడిపోతుంది. తాగుడు మానినవాళ్ళూ మానాలనుకునేవాళ్ళూ కలిసి కూర్చుని మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులు ఎక్కువగా జరిగేదేమో సాయంత్రాలే. అందుకని మీటింగ్‌కు కావలసిన ఏర్పాట్లన్నీ మనసు గట్టిగా ఉన్న పొద్దునపూటే ముగించేయండి. ఎక్కడ, ఎన్నింటికి, ఏ బస్సు, ఎవరు ఎదురొస్తారు, తిరిగి రావడం ఎలా అన్నవన్నీ మధ్యాహ్నానికే తేలిపోవాలి. సాయంత్రానికి బయల్దేరడం ఒక్కటే మిగలాలి. మీటింగ్‌కు పోలేకపోయినవాళ్ళలో చాలామందికి అడ్డుపడేది పట్టుదల తక్కువ కావడం కాదు. పాత అడ్రసు, ఎత్తని ఫోను, ఖాళీ కడుపు, దారిలో ఉన్న షాపు లాంటి చిన్న చిన్న సంగతులే వాళ్ళను వెనక్కి లాగుతాయి. అవన్నీ ముందే సర్దుకోగలిగినవి.

మొదట ఒంటి సంగతి చూసుకోండి

మీటింగ్ కంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. మీరు రోజూ తాగుతున్నారా? పొద్దున కళ్ళు తెరవగానే ఒక పెగ్గు పడితేగానీ చేతులు నిలవడం లేదా? ఇంతకుముందు మానినప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? వీటిలో ఏ ఒక్కటి ‘అవును’ అయినా, ఉన్నపళంగా మానేయకండి. డాక్టరును చూశాకే మానండి.

కారణం ఇది. ఏళ్ళ తరబడి రోజూ మందు పడిన మెదడు దానికి అలవాటుపడి పనిచేస్తుంటుంది. ఒక్కసారిగా ఆపితే అదుపు తప్పుతుంది. చివరి గ్లాసు తర్వాత ఆరేడు గంటల నుంచే వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలుకావచ్చు. ఫిట్స్ వచ్చే ప్రమాదం మొదటి 48 గంటల్లో ఎక్కువ. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి లేనివి కనబడతాయి, వినబడతాయి. ఎక్కడున్నారో తెలియదు, జ్వరం వస్తుంది. ఇది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. అలా కనబడితే దిష్టి అనో గాలి సోకిందనో తాయెత్తుల కోసం తిరగొద్దు, 108కి ఫోన్ చేయండి.

మన ప్రాంతంలో ఈ ప్రమాదం రెండు సందర్భాల్లో ఎక్కువగా పొంచి ఉంటుంది. ఒకటి కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసి ఆ పూటే మానేయడం. రెండు, అయ్యప్ప మాల వేసుకున్న రోజే మానేయడం. రెండూ మంచి సంకల్పాలే, వాటిని ఎవరూ తక్కువ చేయనక్కరలేదు. కాకపోతే ప్రమాణానికి వారం పది రోజుల ముందే ఆసుపత్రికి వెళ్ళి, మందుల సాయంతో తాగుడు ఆపి, ఒళ్ళు కుదుటపడ్డాక కాణిపాకం వెళ్ళండి. స్వామి ముందు నిలబడినప్పుడు చేతులు వణక్కుండా ఉంటాయి, ఇచ్చిన మాట నిలబెట్టుకునే ఓపికా ఉంటుంది.

తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరువాళ్ళు జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అడగవచ్చు. చిత్తూరుకు దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో వేలూరు సీఎంసీ వాళ్ళ మానసిక వైద్య కేంద్రం బాగాయంలో ఉంది. ఓపీకి పొద్దున్నే వెళ్ళండి. డాక్టరు ముందు లెక్క తగ్గించి చెప్పకండి. రోజుకు రెండు క్వార్టర్లు తాగేవాళ్ళు ఒకటే అని చెబితే, రాసే మందుల మోతాదు సరిపోదు, రెండో రోజు రాత్రి ఇబ్బంది పడేది మీరే.

ఇంకో మాట. వణుకు మొదలవగానే దగ్గర్లోని ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజు ఎక్కించుకోవడం చాలామందికి అలవాటు. ఎక్కువ తాగేవాళ్ళ ఒంట్లో విటమిన్ బి1 అడుగంటి ఉంటుంది. బి1 ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మెదడుకు శాశ్వత నష్టం జరగవచ్చు. సెలైన్ పెట్టేముందు ‘బి1 ఇంజెక్షన్ ఇచ్చారా’ అని ఇంట్లోవాళ్ళు అడగాలి.

ఏ మీటింగ్? ఎవరు నడుపుతారు?

తాగుడు మానినవాళ్ళూ మానాలనుకునేవాళ్ళూ కలిసి కూర్చుని మాట్లాడుకునే సభల్లో మన దేశంలో ఎక్కువ చోట్ల దొరికేది ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్ళో ఇద్దరు తాగుబోతులు, ఒకరు షేర్ల వ్యాపారంలో తిరిగినవారు, ఇంకొకరు సర్జను, ఒకరికొకరు తోడుగా నిలిచి మానడంతో ఇది మొదలైంది. డాక్టర్లు, మందులు, ఉపన్యాసాలు ఇక్కడ ఉండవు. తాగుడు లోతు చూసినవాడు ఇంకొకడితో మాట్లాడటమే ఇక్కడి వైద్యం.

చేరడానికి ఒకే ఒక్క అర్హత: తాగుడు మానాలన్న కోరిక. ఫీజు లేదు. ఆధార్ అడగరు. సంతకం చేయించుకోరు. కులం, మతం, పార్టీ, ఉద్యోగం ఏవీ పట్టించుకోరు. చివర్లో ఒక సంచో డబ్బానో తిప్పుతారు. గది అద్దెకు, టీకి సభ్యులు పదో ఇరవయ్యో వేస్తారు. కొత్తవాళ్ళు వేయనక్కరలేదు. బయటివాళ్ళ దగ్గర చందా తీసుకోకూడదన్నది వీళ్ళ నియమం.

ఈ వివరాలు గుర్తుంచుకోండి, ఎందుకంటే ‘డీఅడిక్షన్ సెంటర్’ అనే బోర్డుతో నెలకు వేలల్లో వసూలుచేసే చోట్లు వేరే ఉంటాయి. వాటిలో మంచివి ఉన్నాయి, కానివీ ఉన్నాయి. మీటింగ్ అని పిలిచి అడ్వాన్సు కట్టమన్నా, మూడు నెలలదాకా ఇంటికి పంపేది లేదన్నా, ఫోను లాగేసుకున్నా అది ఏఏ మీటింగ్ కాదు. రోగిని గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. అలాంటి చోట మనిషిని వదిలి రాకండి.

వెతకడం: ఈ వరుసలో చేయండి

1. పొద్దున పది, పదకొండు మధ్య ఒక పుస్తకం, పెన్ను దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఫోనులో నోట్ చేసుకుంటే తాగిన రాత్రి చెరిపేస్తారు. కాగితం మీదే రాయండి.

2. 14446కి ఫోన్ చేయండి. ఇది వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు. ఏ ఊరినుంచి మాట్లాడుతున్నారో చెప్పి, దగ్గరలోని చికిత్స కేంద్రాల గురించి, మీటింగుల గురించి అడగండి. మనసు బాగా కుంగిపోయి ఉంటే, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే 14416కి చేయండి. ఇది టెలీమానస్, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

3. ఏఏ ఇండియా వెబ్‌సైటులో ఊళ్ళవారీగా మీటింగులు, ఫోన్ నంబర్లు వెతకండి. తిరుపతి, చిత్తూరు రెండూ చూడండి. పక్కనున్న రేణిగుంట, శ్రీకాళహస్తి, పుత్తూరు, మదనపల్లె కూడా చూడండి. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి పాత జాబితాల్లో తిరుపతి గ్రూపులు చిత్తూరు జిల్లా కింద ఉండవచ్చు.

4. రుయాలోగానీ జిల్లా ఆసుపత్రిలోగానీ మానసిక వైద్య విభాగం నర్సును, కౌన్సెలర్‌ను అడగండి. డాక్టరుకు తీరిక ఉండకపోవచ్చు. ఏ గ్రూపువాళ్ళు వార్డుకు వచ్చి మాట్లాడి వెళ్తుంటారో వీళ్ళకే బాగా తెలుస్తుంది.

5. ఊళ్ళోని చర్చి ఆఫీసులో విచారించండి. మన దేశంలో చాలాచోట్ల ఏఏ గ్రూపులకు చర్చి హాళ్ళు, స్కూలు గదులు తక్కువ అద్దెకు దొరుకుతాయి. గది చర్చిది అయినంత మాత్రాన మీటింగ్ చర్చిది కాదు. అక్కడ ఎవరి మతమూ మార్చరు.

జాబితాలో అడ్రసు దొరికిందని నేరుగా వెళ్ళిపోకండి. చిన్న ఊళ్ళలో గ్రూపులు గదులు మారుతుంటాయి, రోజులు మారతాయి, కొన్ని ఆగిపోతాయి కూడా. తాళం వేసిన గేటు ముందు సాయంత్రం ఏడింటికి నిలబడిన కొత్త మనిషి అక్కడినుంచి ఎటు పోతాడో చెప్పనక్కరలేదు. కాబట్టి తప్పకుండా ముందు ఫోన్ చేయాలి.

ఫోన్‌లో ఏం మాట్లాడాలి

ఫోనెత్తేవారు జీతానికి కూర్చున్న ఉద్యోగి కారు, తాగుడు మానిన ఒక సభ్యుడు. డ్యూటీలో ఉండి ఎత్తకపోవచ్చు. గంటాగి మళ్ళీ చేయండి, రెండు నంబర్లుంటే రెండింటికీ చేయండి. కథంతా చెప్పుకోవలసిన పని లేదు. ఈపాటి చాలు:

‘నమస్తే అన్నా. తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. తాగుడు మానాలనుకుంటున్నా. మీటింగ్ ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందన్నా?’

అవతలివారు చెప్పేది రాసుకుంటూ ఈ ప్రశ్నలు అడగండి. పోయిన వారం మీటింగ్ జరిగిందా? ఈ వారం ఉందా? ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి అయిపోతుంది? గదికి ఆనవాలు ఏమిటి, ఏ సర్కిల్ దగ్గర, మెట్లెక్కాలా, బోర్డుంటుందా? మాట్లాడేది తెలుగులోనా, తమిళంలోనా, ఇంగ్లీషులోనా? ఇంట్లోవాళ్ళను తీసుకురావచ్చా? మీటింగులు రెండు రకాలు. క్లోజ్డ్ మీటింగ్‌కు తాగుడు సమస్య ఉన్నవాళ్ళే వెళ్ళాలి. ఓపెన్ మీటింగ్‌కు భార్య, అన్నదమ్ములు, స్నేహితులు ఎవరైనా రావచ్చు.

ఆఖరుగా ఒకటి అడగండి: ‘అన్నా, కొత్త మనిషిని. బయట ఎవరైనా కలుస్తారా?’ ఈ ఒక్క మాటతో సగం భయం పోతుంది. బయట మీకోసం ఒకరు ఎదురుచూస్తున్నారంటే దారిలో వెనక్కి తిరగడం కష్టం. ఎదురొచ్చే మనిషికి కూడా ఇది భారం కాదు. కొత్తవాడికి చేయందించడం తన మానుడును తాను కాపాడుకునే దారి అని వాళ్ళు నమ్ముతారు. మొహమాటపడకండి.

మీటింగ్ రోజు

మధ్యాహ్నం భోజనం మానకండి. సాయంత్రం ఐదింటికి మళ్ళీ కడుపులో ఏదైనా పడాలి. చెనిక్కాయల ముద్ద, బెల్లం, అరటిపండు, దోసె, ఏదైనా సరే. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు మందు మీద యావ ఎక్కువ. తొలి వారాల్లో తీపి మీద మనసు పోతుంది, షుగరు జబ్బు లేనివాళ్ళు దాన్ని అణచుకోవలసిన పని లేదు.

డబ్బు సంగతి. రానూపోనూ ఛార్జీకి సరిపడా జేబులో పెట్టుకుని మిగతాది ఇంట్లో ఇచ్చేయండి. ఫోన్‌పే, గూగుల్‌పే ఉన్న ఫోను కూడా జేబులో డబ్బుతో సమానమే. తొలి నెలరోజులు ఆ యాప్‌లు తీసేయడమో, వాడే ఖాతాలో రెండు మూడు వందలకు మించి ఉంచకపోవడమో చేయండి. మామిడి సీజనులో మండీల్లో, గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు కూలి చేతికొచ్చే సాయంత్రమే అసలు గండం. కూలి డబ్బు ఇంట్లోవాళ్ళ ఖాతాలో వేయమని మేస్త్రీకి ముందే చెప్పి పెట్టండి.

దారి మార్చండి. మీరు రోజూ ఆగే షాపు, రోజూ కలిసే స్నేహితులు ఏ రోడ్డులో ఉన్నారో మీకు తెలుసు. ఐదు నిమిషాలు ఎక్కువైనా వేరే రోడ్డున పోండి. తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలకు అటూ ఇటూ పడుతుంది. మీ ఊళ్ళో మీటింగ్ లేక అవతలి ఊరికి వెళ్ళేటట్లయితే, తిరుగు బస్సు టైము ముందే కనుక్కోండి. రాత్రి తొమ్మిది తర్వాత బస్టాండులో గంటసేపు ఒంటరిగా కూర్చోవలసి వస్తే మీటింగ్‌లో కూడగట్టుకున్న బలమంతా అక్కడే కరిగిపోతుంది. ఆ గంటలో ఫోన్ చేయడానికి ఒక నంబరు చేతిలో ఉండాలి.

పదిహేను నిమిషాలు ముందే చేరండి. ఆలస్యంగా వెళ్తే అందరి తలలూ మీ వైపు తిరుగుతాయి, కొత్తవాళ్ళకు అది నచ్చదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, మీటింగ్‌కు ముందు పది నిమిషాలు, తర్వాత పావుగంట జరిగే టీ కబుర్లలోనే అసలు పరిచయాలు ఏర్పడతాయి.

ఇక తాగి ఉంటే? అయినా వెళ్ళండి. చాలా గ్రూపుల్లో తాగివచ్చిన మనిషిని బయటికి నెట్టరు. మాట్లాడవద్దు, కూర్చుని విను అంటారు. గొడవ చేయకుండా కూర్చోగలిగితే చాలు. బండి మాత్రం నడపకండి, ఆటోలో వెళ్ళండి.

లోపల ఏం జరుగుతుంది

ఒక చిన్న గది, పది పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు పన్నెండు మెట్లు, అంటే తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు అడుగులు, రాసిన బోర్డు. కొన్నిసార్లు మొత్తం నలుగురే ఉంటారు. సంఖ్య చూసి నిరుత్సాహపడకండి. మీటింగ్ గంట నుంచి గంటన్నర సాగుతుంది.

ఛైర్‌పర్సన్‌గా ఉన్న సభ్యుడు మొదలుపెడతారు. నిమిషం మౌనం, చిన్న ప్రార్థన, ఏఏ అంటే ఏమిటో చెప్పే నాలుగు వాక్యాలు, ఏదో ఒక పేజీ చదవడం. తర్వాత ఒక్కొక్కరే మాట్లాడతారు. దీన్నే షేరింగ్ అంటారు. ‘నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెట్టి, తాగుడు తనను ఏం చేసింది, ఎలా ఆపాడు, ఇప్పుడెలా ఉన్నాడు అని నాలుగైదు నిమిషాలు చెప్తారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డురారు. సలహా ఇవ్వరు, తప్పు పట్టరు, వాదించరు. మన ఇళ్ళల్లో నోరు తెరిస్తే ముగ్గురు ముక్తాయింపు ఇస్తారు కదా, అలాంటిచోట బతికిన మనిషికి అడ్డు లేకుండా ఐదు నిమిషాలు మాట్లాడే వీలు దొరకడమే పెద్ద ఊరట.

మీ వంతు వచ్చినప్పుడు మాట్లాడాలని లేకపోతే ‘ఈరోజు వింటాను’ అంటే చాలు, తర్వాతి వారికి పోతుంది. అసలు పేరు చెప్పాలని కూడా లేదు. ఇంటిపేరు, ఉద్యోగం, ఊరు చెప్పకండి, ఎవరూ అడగరు.

దేవుడి మాట వస్తుంది. పన్నెండు మెట్లలో ‘మనకు అర్థమైన రీతిలో దేవుడు’ అనే భావం ఉంటుంది. కొండ మీది స్వామి అనుకునేవాళ్ళు అలా అనుకోండి, అల్లా, ఏసు అనుకునేవాళ్ళు అలా. దేవుణ్ణి నమ్మనివాళ్ళు ఆ గదిలోని పదిమంది బలమే తమకన్నా పెద్ద బలం అనుకుని నడిచిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఈ ఒక్క సంగతి మీద మొదటి రోజే తలుపు వేసుకోకండి.

వినేటప్పుడు జాగ్రత్తపడవలసింది ఒకటుంది. ‘ఆయన ఇల్లు అమ్ముకున్నాడు, నేను అంతదూరం పోలేదు. ఆయనకు లివరు పోయింది, నాది బాగానే ఉంది’ అని మనసు తేడాలు లెక్కపెడుతుంది. ఆ లెక్క మిమ్మల్ని మళ్ళీ షాపు దగ్గరకే చేరుస్తుంది. తేడాలు పక్కనపెట్టి, ‘ఒక్కటే తాగుతా అని మొదలుపెట్టి ఆపలేకపోయాను’ లాంటి మాట మీకూ వర్తిస్తుందా అని మాత్రం చూసుకోండి.

మీటింగ్ అయిపోగానే చెప్పుల కోసం పరిగెత్తకండి. అక్కడే నిలబడి ముగ్గురి ఫోన్ నంబర్లు అడిగి తీసుకోండి, వాళ్ళ ముందే ఒకసారి మిస్డ్ కాల్ ఇవ్వండి. మర్నాడు మధ్యాహ్నం ఏ అవసరం లేకపోయినా వాళ్ళలో ఒకరికి ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడండి. అవసరం లేనప్పుడు చేసి అలవాటుపడితేనే, రాత్రి పదింటికి యావ పుట్టినప్పుడు వేలు ఆ నంబరు మీదికి పోతుంది. ఆ యావ సాధారణంగా పావుగంట, అరగంటలో ఉధృతం తగ్గి వెనక్కిపోతుంది. ఆ అరగంట గడపడానికే ఈ నంబర్లు.

‘ఎవరైనా చూస్తే?’

తిరుపతి పేరుకు పెద్ద ఊరే గానీ తిరిగేవాళ్ళకు చిన్నదే. దేవస్థానం ఉద్యోగులు, టీచర్లు, వ్యాపారస్తులు ఈ భయంతోనే ఏళ్ళు వాయిదా వేస్తారు. ఆ గదిలో తెలిసిన మనిషి కనబడితే, ఆయనా అదే పనికి వచ్చారు. మీ గుట్టు బయటపెడితే ఆయన గుట్టూ బయటపడుతుంది. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలిపోవాలన్న నియమాన్ని సభ్యులు ప్రాణంగా చూసుకుంటారు, ఎందుకంటే అందరి పరువూ దాని మీదే ఆధారపడి ఉంది. మీ వైపు నుంచి కూడా అదే చేయండి. ఫోటో తీయకండి, రికార్డు చేయకండి, ‘మన వీధి ఆయన వచ్చాడు’ అని ఇంట్లో కూడా చెప్పకండి.

ఇంకోటి నిజాయితీగా ఆలోచించండి. తాగి రోడ్డు పక్కన పడిపోయినప్పుడు ఊరంతా చూసే ఉంటుంది.

అయినా భయం పోకపోతే తిరుపతివాళ్ళు చిత్తూరుకు, చిత్తూరువాళ్ళు తిరుపతికి వెళ్ళవచ్చు. తమిళం వచ్చినవాళ్ళకు వేలూరు వైపు కూడా దారి ఉంది. తమిళనాడులో గ్రూపులు ఎక్కువ.

ఆన్‌లైన్ మీటింగులు

దగ్గర్లో మీటింగ్ లేనివాళ్ళకు, వారానికి ఒక్కటే ఉన్నవాళ్ళకు, పల్లెల్లో ఉండే ఆడవాళ్ళకు జూమ్ మీటింగులు మంచి ఆసరా. ఏఏ సభ్యులను అడిగితే లింకు, పాస్‌వర్డు పంపుతారు. తెలుగులో జరిగేవి ఏ రోజుల్లో ఉన్నాయో ప్రత్యేకంగా అడగండి.

చేరేముందు జూమ్‌లో కనబడే పేరు మార్చుకోండి. చాలామంది ఫోన్లలో పూర్తి పేరో కంపెనీ పేరో ఉంటుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, మీ కోసం కాకపోయినా అవతల మాట్లాడేవాళ్ళ గుట్టు కోసం. వీడియో ఆపేసుకుంటే డేటా కూడా చాలా మిగులుతుంది. మంచం మీద పడుకుని వినకండి, కుర్చీలో కూర్చోండి.

తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అనే మాట ఏఏలో బాగా వినబడుతుంది. చెన్నై, బెంగళూరుల్లో అది సాధ్యం. ఇక్కడ నేరుగా జరిగే మీటింగులతోనే అంత కుదరదు కాబట్టి వారంలో దొరికిన ప్రతి మీటింగ్‌కూ వెళ్ళండి, మిగతా రోజులు ఆన్‌లైన్‌లో చేరండి. అదీ కుదరని రోజు ఒక సభ్యుడితో ఫోన్లో మాట్లాడండి. ఏ రోజూ ఖాళీగా పోకుండా చూసుకోవాలి. ఒక మీటింగ్ చూసి ‘నాకు పనికిరాదు’ అనకండి, కనీసం ఆరు మీటింగులకు వెళ్ళాక తేల్చుకోండి.

స్పాన్సర్

కొన్ని వారాలు వెళ్ళాక ఎవరి మాట మీకు తగులుతుందో గమనించి, ఆయన్ను ‘అన్నా, నాకు స్పాన్సర్‌గా ఉంటారా’ అని అడగండి. మెట్లను ఒక్కొక్కటే దగ్గరుండి చేయించే పెద్దన్న లాంటివారు స్పాన్సర్. ఏడాదికి తగ్గకుండా తాగకుండా ఉన్నవారు అయితే మేలు. మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు ఉండడం పద్ధతి. స్పాన్సర్ అప్పులివ్వరు, ఉద్యోగం ఇప్పించరు, డాక్టరు రాసిన మాత్రలు ఆపమనే అధికారమూ వారికి లేదు. ఎవరైనా ‘ఆ మాత్రలు మానెయ్, మీటింగ్ చాలు’ అంటే ఆ సలహా పక్కనపెట్టి డాక్టరునే అడగండి. సభ్యుల్లో ఎవరైనా అప్పు అడిగినా, చీటీలో చేరమన్నా, సరుకు అమ్మజూపినా మర్యాదగా తప్పుకోండి.

ఆడవాళ్ళు, ఇంట్లోవాళ్ళు

తాగుడు సమస్య ఉన్న ఆడవాళ్ళు మన దగ్గర ఇంకా ఎక్కువ దాచుకుంటారు. నంబరుకు ఫోన్ చేసినప్పుడు ‘ఆడవాళ్ళతో మాట్లాడించండి’ అని అడగండి, ఊళ్ళో లేకపోయినా హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్న మహిళా సభ్యురాలితో కలుపుతారు. మొదటి మీటింగ్‌కు అక్కో చెల్లెలో తోడుండేలా ఓపెన్ మీటింగ్ ఎంచుకోండి.

తాగేవాళ్ళ ఇళ్ళలోని భార్యలకు, తల్లిదండ్రులకు, పిల్లలకు అల్‌అనాన్ అనే వేరే సభలు ఉన్నాయి. 1951 నుంచి నడుస్తున్నాయి. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్ళవచ్చు. అక్కడ నేర్చుకునేది ఆయన్ను మాన్పించే కిటుకు కాదు, ఆయన తాగుడు చుట్టూ మీ బతుకు తిరగకుండా నిలబడటం. కొట్టడం దాకా వస్తే 181 మహిళా హెల్ప్‌లైన్, వెంటనే ప్రమాదమైతే 112.

ఇంట్లోవాళ్ళకు ఒక గట్టి మాట. ‘తాగుడు మాన్పించే పొడి’ అని అన్నంలో, కూరలో తెలియకుండా కలిపి పెట్టకండి. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ అనే మందు ఉండే ప్రమాదం ఉంది. ఆ మాత్రను డాక్టరు రాసినా, మనిషికి పూర్తిగా చెప్పి, ఒప్పుకున్నాకే ఇస్తారు. తెలియక దానిమీద తాగితే ముఖం ఎర్రబడి, బీపీ పడిపోయి, గుండె దెబ్బతిని ప్రాణం పోవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాలదాకా ఆ ప్రభావం ఉంటుంది. అది వాడుతున్నవాళ్ళు ఆల్కహాల్ కలిసిన దగ్గు సిరప్పులు, ఆయుర్వేదంలోని అరిష్టాలు, ఆసవాలు కూడా తాగకూడదు.

మాల తీసిన రోజు, జాతర రోజు

మాలలో 41 రోజులు చుక్క ముట్టనివాళ్ళు మాల తీసిన సాయంత్రమే తాగడానికి కూర్చోవడం మన ఊళ్ళలో అందరికీ తెలిసిన సంగతే. నలభై ఒక్క రోజులు ఆగగలిగిన మనిషికి శక్తి లేదని ఎవరంటారు? మాలలో ఉన్నన్నాళ్ళూ చుట్టూ స్వాములు ఉంటారు, వేళకు పూజ, వేళకు భిక్ష, చల్లటి నీళ్ళ స్నానం. మాలతోపాటే అవన్నీ ఒకే రోజు పోతాయి. ఆ ఖాళీలోకి మందు వస్తుంది. అందుకని మాలలో ఉండగానే మీటింగులకు వెళ్ళడం మొదలుపెట్టండి, మాలలో ఉన్నవాళ్ళు రాకూడదన్న నియమం ఏదీ లేదు. శబరిమల నుంచి దిగివచ్చే రోజు సాయంత్రానికి మీటింగ్‌గానీ, ఆన్‌లైన్‌గానీ, స్పాన్సర్‌తో భోజనంగానీ ముందే ఖాయం చేసుకోండి. ఇంకో హెచ్చరిక: నెలన్నర ఆగిన ఒళ్ళు పాత మోతాదును తట్టుకోదు.

గంగమ్మ జాతర, కనుమ, డిసెంబరు 31, పెళ్ళిళ్ళు, చావు దినాలు కూడా ఇలాంటివే. తొలి ఏడాది వీటికి వెళ్ళక తప్పకపోతే భోజనం వేళకు వెళ్ళి, తినగానే వచ్చేయండి. మీ సొంత బండిమీదో ఆటోలోనో వెళ్ళండి, తాగే స్నేహితుడి కారులో వెళ్తే రావడం మీ చేతిలో ఉండదు. ‘ఒక్కటి తీసుకో బావా’ అని బలవంతం చేసేవాళ్ళకు ‘మాత్రలు వాడుతున్నా, డాక్టరు వద్దన్నాడు’ అంటే చాలు. అంతకుమించి వివరణ ఎవరికీ బాకీ లేరు.

మళ్ళీ తాగితే

మర్నాడే మీటింగ్‌కు వెళ్ళండి. సిగ్గుతో ఒక వారం ఆగితే అది మూడు నెలలవుతుంది. గదిలో ఎవరూ నిలదీయరు, అక్కడున్నవాళ్ళలో చాలామంది అలా తిరిగివచ్చినవాళ్ళే. ఎక్కడ జారింది, ఆ రోజు తిన్నారా, ఎవరితో ఉన్నారు, ఎవరికి ఫోన్ చేయలేదు అని స్పాన్సర్‌తో కూర్చుని చూసుకోండి. ఒక రాత్రికే పరిమితమైతే ఇంతే. వారం పదిరోజులు వరసగా తాగి ఉంటే మాత్రం మళ్ళీ మొదటికొచ్చినట్టే, డాక్టరును చూడకుండా ఆపకండి. పదేపదే తాగి, ఆపి, తాగి, ఆపినవాళ్ళకు ఫిట్స్ ప్రమాదం ప్రతిసారీ పెరుగుతుంది.

ఊళ్ళో గ్రూపే లేకపోతే

కొన్ని నెలలు ఆన్‌లైన్‌లోనో పక్క ఊళ్ళోనో నిలదొక్కుకున్నాక, మీ ఊళ్ళోనే ఒకటి పెట్టవచ్చు. తాగుడు మానాలనుకునే ఇద్దరు ముగ్గురు వేరే ఏ సంస్థ జెండా కిందా లేకుండా కూడితే అదే ఏఏ గ్రూపు. ఎవరి అనుమతీ అక్కరలేదు. బస్టాండుకు నడిచి వెళ్ళేంత దూరంలో, వైన్ షాపుకు ఎదురుగా లేని గది చూడండి. స్కూలు, చర్చి, కమ్యూనిటీ హాలు ఏదైనా సరే, ఎంతోకొంత అద్దె కట్టే తీసుకోండి. ఊరికే ఇచ్చిన గది ఎప్పుడైనా ఊరికే పోతుంది. రోజు, గంట మార్చకండి. వారానికి ఒక్కటైనా సరే, వాన పడినా పండగైనా ఆ గంటకు తలుపు తెరిచి ఉండాలి. మూడు నాలుగు నెలలపాటు ఇద్దరే కూర్చోవలసి రావచ్చు, ఒక్కోసారి మీరొక్కరే కూర్చుంటారు. టీ ఫ్లాస్కు, నాలుగు కుర్చీలు, పన్నెండు మెట్ల బోర్డు, ఏఏ ఆఫీసు నుంచి తెప్పించుకున్న తెలుగు పుస్తకాలు చాలు. గ్రూపు వివరాలు, ఎత్తే మనిషి ఉన్న రెండు ఫోన్ నంబర్లు ఏఏ ఆఫీసుకు పంపి జాబితాలో పెట్టించండి. రుయా, జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగాల్లో ఒక కాగితం ఇచ్చి రండి. నంబరుగానీ గదిగానీ మారితే ఆ వారంలోనే ఈ రెండు చోట్లా మార్పించండి.